దసలి పురుగే

2024 జూన్ 9, ఆదివారం

నేను ముప్పై ఏళ్లు దుంగలు దించిన పోర్టు కలప యార్డు నుంచి నీళ్లపొయ్యిలోకి బెరడు తెచ్చుకుంటాను. ఆ బెరడు సందుల్లో ఎండుటాకులు చుట్టుకున్న గూళ్లు రెండు కనిపిస్తే తీసి పక్కన పెట్టాను. పొద్దున్న రెండూ పగిలాయి. అరచేయంత పురుగులు. ముట్టుకుంటే ముందు రెక్కలు జరిపి, వెనక రెక్కల మీద కళ్లు చూపిస్తాయి, గుడ్లగూబ లాగ. మా ఆవిడ తవిటమ్మ, అమ్మోరు సూత్తన్నాదని పసుపు పట్టుకొచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో దీనికి బుర్ర పెరగలేదు. ఇది దసలి పట్టుపురుగు, చిన్నప్పుడు మా మేనమామతో పాడేరు అడవిలో మద్దిచెట్ల మీద ఈ గూళ్లే కోశాను అని చెప్పాను. వెంటనే నమ్మింది. దానికి తెలిసిన మంచి పని అదొక్కటే.

జూన్ 11

మేడ మీద అద్దెకుండే జయంత్ కాలేజీలో జువాలజీ చెప్తాడు. ఫోన్‌తో ఫోటో తీసి, తాతగారూ ఇది మన దేశం మాత్ కాదు, సౌత్ అమెరికాది, ఆటోమెరిస్ అంటారు, టేకు దుంగలతో ఓడలో వచ్చుంటుంది అన్నాడు. దసలికి నాలుగు రెక్కల మీదా కళ్లుంటాయట, మధ్యలో అద్దంలా ఉంటుందట. దీనికి వెనక రెండింటికేనట. మీ ఫోన్ ఎప్పుడైనా పాడేరు అడవి ఎక్కిందా బాబూ అన్నాను. నవ్వాడు. చదువుకున్నవాళ్లకి జవాబు లేకపోతే నవ్వొస్తుంది.

జూన్ 13

అరటిపండు పెట్టాను. ముట్టలేదు. దానికి నోరుండదు, గుడ్లు పెట్టి వారంలో చచ్చిపోతుంది అని జయంత్ మెట్ల మీంచి చెప్పాడు. దాని నోరు కూడా ఈయనకే ఇచ్చినట్టున్నారు.

జూన్ 16

రెండూ చచ్చాయి. బెరడు మీద తెల్లటి గుడ్లు, గుత్తిగా.

జూన్ 28

పిల్లలొచ్చాయి. పెరట్లో బాదం కొమ్మ మీద వదిలాను. ఒకదాని వెనక ఒకటి, బడిపిల్లల్లా వరసలో పోతాయి. బాదం, మద్ది ఒకే జాతి, అందుకే తింటున్నాయి అన్నాను. అదొక్కటి కరెక్టే తాతగారూ అన్నాడు జయంత్. వీడి సర్టిఫికెట్ ఎవడడిగాడు.

జూలై 21

వేలంత లావయ్యాయి. పచ్చగా, ఒళ్లంతా కొమ్మలు కొమ్మలుగా ముళ్లు. నాకు గుర్తున్న దసలికి ఇన్ని ముళ్లు లేవు. టౌన్ తిండి.

ఆగస్టు 4, ఆదివారం

ఎడం చేత్తో రాస్తున్నాను.

ఆ ముళ్లలో విషం ఉంది, ఎవరూ ముట్టుకోకండి అని జయంత్ వీధంతా చెప్పొచ్చాడు. తనే ఫోన్ చేశాడట, మంగళవారం వ్యవసాయశాఖ ఆఫీసర్లొచ్చి పురుగుల్ని తీసుకుపోతారట. పక్కింటి సూరన్న, ఏటి బావ, పట్టు తీత్తావనుకుంటే పాముల్ని పెంచుతన్నావేటి అన్నాడు. అందరూ పళ్లు బయటపెట్టారు. నేను ఒక పురుగుని తీసి అరచేతిలో పెట్టి గుప్పిట మూశాను.

నిప్పు.

మొహంలో ఒక్క గీత కదలనివ్వలేదు. చూశారా బాబూ, దసలి అన్నాను. సూరన్న రెండడుగులు వెనక్కేశాడు. జయంత్ మాత్రం నా మొహం చూడలేదు, చెయ్యి చూశాడు. కుక్క చూపు.

ఆగస్టు 5

చెయ్యి బూరెలా పొంగింది. మేకు గీరుకుంది అన్నాను తవిటమ్మతో. అలాగా అంది. సున్నం రాసి గుడ్డ కట్టింది.

ఆగస్టు 6, మంగళవారం

ఇద్దరు ఆఫీసర్లు గ్లౌజులు, సంచులతో వచ్చారు. మొహాల మీద మీసం కూడా సరిగ్గా రాలేదు. దసలి పురుగుల్ని ముట్టుకోవద్దు, చెట్టు జోలికి రావద్దు అన్నాను. అయితే ఒకటి పట్టుకుని చూపించండి పెద్దాయనా అన్నాడొకడు. నా చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

వంటింట్లోంచి తవిటమ్మ వచ్చింది. ఆయన్నెందుకు బాబూ, నాను సూపిత్తాను అంది. కొమ్మ దగ్గరికి నడిచింది. వద్దు అంటే సరిపోయేది. ఆ మాట నా నోట్లోనే ఉంది. జయంత్ నన్నే చూస్తున్నాడు. అనలేదు.

రెండు చేతుల్లోకీ రెండు పురుగులు తీసుకుంది. మూసింది. సక్కిలిగింతలు పెడతన్నాయి గానీ ఏటీ నేదు అంది. అని నా వైపు చూసింది. కళ్లలో నీళ్లు కిందికి రానివ్వడం లేదు. నిన్న కట్టు కట్టినప్పుడే మేకు కాదని దీనికి తెలుసు.

వదిలెయ్యే, అది దసలి కాదు అన్నాను. అందరూ విన్నారు. సూరన్న కూడా.

జయంత్ పరిగెత్తి సెల్లోటేపు తెచ్చాడు. నేల మీద కూర్చుని దాని చేతులకి అంటించి ముళ్లు పీకాడు. నా చెయ్యి అడిగితే ఇవ్వలేదు. పురుగుల్నీ కొమ్మల్నీ సంచుల్లో కట్టుకుపోయారు. ఒక్క ఆకు మిగల్లేదు.

ఆగస్టు 7

దానికి రెండు చేతులూ పనిచెయ్యవు. నాకు ఎడమది ఉంది. ఎడం చేత్తో ముద్ద మనిషికి పెట్టరు. పెట్టాను. ఉప్పు సాల్నేదు అంది.