బెల్టు నడిమధ్యనే ఉంది

బావా,

నువ్విచ్చిన ట్రెడ్‌మిల్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను, క్షమించు. ఎక్కిన పది నిమిషాలకే బెల్టు ఎడమకు జరిగిపోయేది. వెనక బోల్టు పావు చుట్టు తిప్పి సరిచేస్తే, మర్నాడు మళ్లీ అదే తంతు. పాత సామాను అంటగట్టావని అక్కకు చాడీలు కూడా చెప్పాను.

చివరికి మెకానిక్ వచ్చి, నన్ను ఎక్కించి చూశాడు. "మిషన్‌కేం కాలేదు సార్. మీరే బరువంతా ఎడమ కాలి మీద వేస్తున్నారు" అన్నాడు.

ఆపరేషనైన కుడి కాలిని నేనింకా నమ్మడం లేదన్నమాట! నువ్వు ఇది ఇవ్వకపోతే, కుంటుతున్నానని తెలియకుండానే కుంటుతూ ఉండేవాణ్ణి. ఆరు వారాలు వేగం తగ్గించి, రెండు కాళ్లూ సమంగా వేయడం నేర్చుకున్నాను.

ఇవాళ ఇరవై నిమిషాలు పరుగెత్తాను బావా. బెల్టు వెంట్రుకవాసి కూడా జరగలేదు.

బోల్టు తిప్పే అలెన్ కీని ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నాకిక దాంతో పనిలేదు.

నీ బావమరిది