ఎంగేజ్‌లో ఉన్న పాట

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాసేది. ఓడలో ఇంజను గది వేడికి మరీ కమిలిపోకుండా, వేళకి తింటూ కులాసాగా ఉన్నావని అనుకుంటున్నాను. ఇక్కడ మేం క్షేమం. మీ బావకు నడుంనొప్పి తగ్గింది, మళ్ళీ బస్సెక్కి స్టీరింగు పట్టారు. అమ్మ పోయి నలభై రెండు రోజులే అయిన ఇంట్లో కూర్చుని క్షేమం అని రాయడానికి చేయి రావడం లేదు. కానీ ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని మనిద్దరికీ నేర్పింది అమ్మే కదా, అందుకని రాశాను.

నీ ఉత్తరం కంపెనీ ఆఫీసువాళ్ళు పోయిన వారం పంపారు. అందులో మూడు సంగతులు అడిగావు. ఇంట్లో ఉన్న మూడు వీడియో చందాల్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది మొదటిది. పాటల చందాను ఒక్కరి ప్లాను నుంచి కుటుంబం ప్లానుకు మార్చేద్దామా అన్నది రెండోది. మూడోది అమ్మ చివరి రోజు గురించి. "నేను పాట పెట్టడంవల్ల అమ్మ పాట ఆగిందని, అమ్మ నవ్విందని బావ రాశారు. అక్కా, ఆ రోజు మా ఓడ నడిసముద్రంలో ఉంది. నెట్ లేదు. నేనసలు పాటే పెట్టలేదు. మరి ఎవరు పెట్టారు?" అని రాశావు. దీనికీ జవాబు చెబుతాను, దాటవేయను. కాస్త ధైర్యం కూడగట్టుకోవాలి, అందుకని ముందు మొదటి రెండూ చెప్పనీ.

ఎర్ర అక్షరాలది ఉంది చూడు, దాంట్లో ఉన్నన్ని సీరియళ్ళు ఇంకెక్కడా లేవు. ఏ దేశపు దొంగలు కావాలంటే ఆ దేశపు దొంగలు, వాళ్ళ వెనక ఆ దేశపు పోలీసులు. ఏది చూద్దామా అని అరగంట వెతికి, ఏదీ పెట్టకుండానే అన్నాలు తిని లేచిపోతాం. పాత సినిమాలు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకవు. నువ్వొకసారి రేవులో దిగి తెరిస్తే "మీరు ఈ ఇంట్లో వారేనా?" అని అడిగిందని, కోడ్ పంపమన్నావు, గుర్తుందా? నేను పడీపడీ నవ్వాను. అమ్మ నవ్వలేదు. "నా కొడుకుని ఈ ఇంటివాడివేనా అని అడగడానికి అదెవత్తే?" అని రెండు రోజులు టీవీ మొహం చూడలేదు.

పార్సిళ్ళ కంపెనీవాళ్ళది సామాను తొందరగా తెస్తారని తీసుకున్నాం, సినిమాలు కొసరు. అయితే ఆ కొసరులోనే అమ్మకి కావలసిన పాత సినిమాలన్నీ ఉన్నాయి. కొన్నిటికి మళ్ళీ విడిగా అద్దె కట్టమంటుంది. మధ్యమధ్య ప్రకటనలు కూడా మొదలుపెట్టింది. హీరోయిను కళ్ళనీళ్ళు పెట్టుకోగానే సబ్బు వస్తుంది. ఇక ఆటలది సరేసరి. మ్యాచ్ ఉన్న రోజు మీ బావకు చెవులు పనిచేయవు. తీసేస్తే అలిగి ఇల్లు వదిలిపోతారు, ఉంచితే ఇంట్లో ఉండీ లేనట్టే. ఉండనీ పాపం, ఆయనకి ఉన్న సరదా అదొక్కటే. పార్సిళ్ళదీ ఉంచు. ఎర్రదాన్ని తీసేయి, ఇంట్లో దాన్ని చూసేవాళ్ళెవరూ లేరు.

పాటలవాటికి వస్తే, ఆకుపచ్చది, వీడియోల సైటువాళ్ళది రెండూ చూశాం. వీడియోల సైటువాళ్ళ దాంట్లో ఎవరెవరో ఎక్కించిన పాత రికార్డులు, మరెక్కడా దొరకనివి దొరుకుతాయి. ఆకుపచ్చది మాత్రం నాలుగు రోజులు వింటే చాలు, మన ఇష్టం కనిపెట్టి ఐదో రోజు తనే తెచ్చి పెడుతుంది. అందులో నీ పేర ఒక్క ఖాతా, ఒక్కరి ప్లాను. అది నీ ఫోన్లోనూ అమ్మ ఫోన్లోనూ పెట్టి వెళ్ళావు. ఒకేసారి ఒక్క ఫోన్లోనే పాడుతుంది. రెండో ఫోన్లో ఎవరైనా పాట పెడితే మొదటిదాంట్లో ఠక్కున ఆగిపోయి, వేరే ఫోన్లో ఫలానా పాట నడుస్తోందని పేరు చూపిస్తుంది. కుటుంబం ప్లాను తీసుకుంటే ఈ గొడవ ఉండదు, ఎవరి పాట వాళ్ళు వినొచ్చని నువ్వు మూడుసార్లు రాశావు. మూడుసార్లూ అమ్మ ఒప్పుకోలేదు. నువ్వు ఖర్చుకి జంకుతోందనుకున్నావు. కారణం అది కాదు.

అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై తొమ్మిదేళ్ళు లైన్లు కలిపిన మనిషి. "ఎంగేజ్ వస్తే భయం లేదే, అటుపక్క మనిషి ఉన్నట్టు. మోగీ మోగీ ఎవరూ ఎత్తకపోతేనే గుండె ఆగుతుంది" అనేది. నువ్వు ఓడెక్కాక ఈ పాటల ఖాతా ఆమెకి మళ్ళీ ఆ ఎక్స్ఛేంజి అయింది. రోజూ పొద్దున పదింటికి వంటింట్లో ముక్కాలిపీట వేసుకుని, తన వాన పాట పెట్టుకుని, అది ఎప్పుడు ఆగిపోతుందా అని కూర్చునేది. ఆగిందంటే నువ్వు ఏదో రేవులో ఉన్నావని, ఒళ్ళు బాగుందని, పాట వినేపాటి తీరిక దొరికిందని. "లైను ఎంగేజ్‌లో ఉంది! మన ఇంజనుగాడు వచ్చాడు" అని కేకవేసేది. చిన్నప్పుడు నువ్వు నోటితో ఇంజను చప్పుడు చేస్తేగానీ నిద్రపోయేవాడివి కాదని పెట్టిన పేరు, ఆఖరిదాకా వదల్లేదు. పాట చివరిదాకా వచ్చేస్తే మాత్రం ఆమె మొహం వాడిపోయేది.

తమ్ముడూ, మూడో ప్రశ్నకి జవాబు ఇక్కడే మొదలవుతుంది. పోయిన ఏడాది మీ ఓడ ఇరవై ఒక్క రోజులు ఏ రేవూ తాకలేదు. ఓడలో నువ్వు ముందే దించుకున్న పాటలు వింటే మాకు తెలియదని అమ్మకి ఎంత చెప్పినా ఎక్కలేదు. పన్నెండో రోజు నుంచి సరిగ్గా తినడం మానేసింది. ఇరవయ్యో రోజు పొద్దున మా కళ్ళజోళ్ళ షాపులో కరెంటు పోయి, అద్దాలు అరగదీసే చక్రం ఆగిపోయింది. చేతులు ఖాళీగా ఉంటే నాకు తోచదు కదా, ఫోన్లో ఒక పాట పెట్టాను. నీ ఖాతా నా ఫోన్లో కూడా ఉంది. నువ్వు కొత్త ఫోను కొన్నప్పుడు పాతది నాకిచ్చావు చూడు, అందులోంచి తీయలేదు. అమ్మకి ఆ సంగతి తెలియదు. నేను వీడియోల సైటుదే వింటాననుకునేది. అప్పుడు సరిగ్గా పది దాటి రెండు నిమిషాలయిందన్న ధ్యాస నాకు లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "ఏమే, వాడు పాట పెట్టాడే! గెంతుల పాట! ఒళ్ళు తేలిగ్గా ఉన్నట్టుంది వాడికి" అంది. ఆ పూట మారు వడ్డించుకుని తింది. అది నేనేనమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ మొహం చూసి మూసేశాను. రెండు రోజులకి నువ్వు నిజంగానే రేవు చేరావు కాబట్టి ఏ ప్రమాదమూ లేదులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఒక్కసారితో ఆగి ఉంటే ఇంత ఉత్తరం రాయవలసిన పని లేదు. పదకొండు నెలలు చేశాను. వారానికి రెండుసార్లు, అమ్మ దిగులుగా ఉన్న వారం మూడుసార్లు. షాపులో వెనక గదిలోకి వెళ్ళి, గడియారం చూసుకుని, నీ పేరు మీద పాట పెట్టేదాన్ని. ఏ పాట పెట్టాలా అని బస్సులో వెళ్తూ ఆలోచించుకునేదాన్ని. నెమ్మది పాట పెడితే "వాడికి జలుబు చేసినట్టుంది" అని మీ బావతో చెప్పేది. ఆయన కూడా నమ్మి "మందు వేసుకోమని రాద్దాం అత్తయ్యా" అనేవారు. నాకు లోపల నవ్వు వచ్చేది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నిజంగా నవ్వొచ్చేది.

ఒకసారి నువ్వే నిజంగా రేవు నుంచి పాట పెట్టావు. వేణువు. మాటల్లేని, గుండెలు పిండేసే వేణువు. అమ్మ షాపుకి ఫోన్ చేసి "వాడు ఏడుస్తున్నాడే" అని తనూ ఏడ్చింది. నేను వెంటనే నా ఫోన్లో ఒక పెళ్ళి పాట పెట్టి నీ వేణువుని ఆపేశాను. నువ్వు మళ్ళీ పెట్టావు, నేను మళ్ళీ ఆపాను. "రేవులో పాట పెడితే ఆగిపోతోంది, అమ్మ వింటోందిలే అని వదిలేశాను" అని ఆ తర్వాతి ఉత్తరంలో రాశావు. నువ్వు వదిలేసింది అమ్మకి కాదురా, నాకు. ఆ రోజు నీకేం కష్టం వచ్చిందో నేను అడగనైనా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఏమైంది ఆ రోజు?

ఇక చివరి రోజు. ఆసుపత్రి గదిలో కిటికీ పక్క మంచం. అమ్మ ఫోను దిండు మీద చెవి దగ్గర పెట్టాం. పదింటికి తనే అడిగి వాన పాట పెట్టించుకుంది. మీ బావ పక్కన కూర్చున్నారు. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. "వాడు పెట్టలేదా?" అని అడిగింది. కాసేపాగి మళ్ళీ అడిగింది. నేను మంచినీళ్ళ మిషను దాకా వెళ్ళొస్తానని బయటికి వచ్చి, ఆ గోడకి ఆనుకుని నీ పేరు మీద పాట పెట్టాను. చప్పుడు బయటికి రాకుండా తగ్గించి పెట్టాను. తలుపు సందులోంచి చూస్తే అమ్మ పాట ఆగింది. తల తిప్పి ఫోను చూసుకుంది. "వాడే" అని నవ్వింది. మీ బావ నీకు రాసింది అంతవరకే.

ఆ తర్వాతది ఆయన రాయలేదు, అందులో ఏముందో ఆయనకి తెలియదు గనక. "మీ పాట మళ్ళీ పెట్టమంటారా అత్తయ్యా?" అని ఆయన అడిగారు. అమ్మ వద్దని తలూపింది. "నేను పెడితే వాడిది ఆగిపోతుంది. విననీ పాపం" అంది. అదే ఆఖరి మాట. నేను లోపలికి వచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నా కొంగు కింద ఆ ఫోన్లో చప్పుడు లేకుండా పాట తర్వాత పాట నడుస్తూనే ఉంది. అమ్మ నలభై నిమిషాలు కళ్ళు మూసుకుని, ఆ నిశ్శబ్దంలోనే పడుకుని వెళ్ళిపోయింది. ఎవరూ వినని పాట కోసం తన పాట వదిలేసుకుంది. ఇష్టమైన పాట చెవిన పడుతూ పోవలసిన మనిషిని నేను అలా పంపించాను. "అమ్మా, అది నేనే, నీ పాట నువ్వు విను" అని ఒక్క మాట అంటే సరిపోయేది. నవ్వుతున్న ఆ మొహాన్ని చూసి ఆ మాట అనలేకపోయాను. మొదటి రోజు గుమ్మంలో ఎందుకు అనలేకపోయానో అందుకే.

మీ బావకి కూడా ఇంకా చెప్పలేదు. ముందు నీకే చెబుతున్నాను. అమ్మ నువ్వు పాట పెట్టావని నవ్వుతూ పోయిందని నువ్వు నమ్ముకోవాలనుకుంటే, ఆ నమ్మకం కూడా ఇవాళ లాగేసుకున్నాను. అబద్ధం రాసి పంపుదామని రెండు కాగితాలు చింపాను కూడా. నువ్వు సూటిగా అడిగావు, అమ్మని మోసం చేసినట్టు నిన్ను కూడా చేయడం నావల్ల కాలేదు.

రెండో ప్రశ్నకి జవాబు ఇంకా ఇవ్వలేదు కదూ. ప్లాను మార్చకు. ఒక్కరిదే ఉండనీ. ఆ రోజు నుంచి ఆ ఖాతాలో నేను ఏ పాటా పెట్టలేదు. అమ్మ ఫోనుకి చార్జింగు మాత్రం పెడుతున్నాను. వాన పాట ఇంకా రెండో చరణం మొదట్లోనే ఆగి ఉంది. మీ ఓడ వచ్చే నెల తొమ్మిదిన రేవు చేరుతుందని, ఈ ఉత్తరం అక్కడే నీ చేతికి వస్తుందని ఆఫీసువాళ్ళు చెప్పారు. పదో తేదీ షాపుకి సెలవు పెడతాను. పొద్దున పదింటికి, ఇక్కడి పదింటికి, నీ గడియారంలో ఎంతవుతుందో లెక్క చూసుకో, వంటింట్లో అదే ముక్కాలిపీట మీద కూర్చుని అమ్మ ఫోన్లో ఆ పాటని ఆగినచోటి నుంచి పెడతాను. ఆ వేళకి నా ఫోను మీ బావ జేబులో, బస్సులో ఉంటుంది. నాకు నేనే చెప్పుకునే అబద్ధాలకి కూడా దారి లేకుండా.

మిగిలింది రెండు నిమిషాల పాట. ఈలోగా నీకు మనసొప్పితే అక్కడ ఏదో ఒకటి పెట్టు, ఆ వేణువైనా సరే. చివరిదాకా వచ్చేస్తే నీ కోపం ఇంకా తగ్గలేదనుకుంటాను. మర్నాడు పదింటికి మళ్ళీ అక్కడి నుంచే పెట్టి కూర్చుంటాను.

ఇట్లు,
ఇన్నాళ్ళూ నీ పేరు మీద పాటలు పెట్టిన
మీ అక్క