తలనీలాలు ఎవరికి?

వరంగల్, 1979, శ్రావణ సోమవారం

కడుపులో పుండు పగిలి చావు అంచుదాకా వెళ్ళిన మా ఆయన ఈరోజు ఇంట్లో కూర్చుని చారన్నం తిన్నారు. నాకు మాత్రం ఒకటే ఫికరు. ఆపరేషన్ నాడు దవాఖాన వరండాలో తలనీలాలు ఇస్తానని మొక్కాను. ఏ దేవుడికో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

పాలకుర్తి సోమన్నకే అంటుంది అత్తమ్మ. కాదు, కొమురెల్లి మల్లన్నకంటుంది చెల్లెలు. ఆ పూట ఇద్దరూ అక్కడ లేనే లేరు! ఒకరి మొక్కు ఇంకొకరికి చెల్లిస్తే ఏమవుతుందో. నాకున్నది ఒక్క తల.

సాయంత్రం మా దుకాణం హమాలీ ఎల్లయ్య ఆయన్ని చూడటానికి వచ్చాడు. ఆ రోజు రక్తం కావాలంటే మార్కెట్ నుంచి ఆరుగురు హమాలీలను వెంటబెట్టుకొచ్చింది అతనే.

"నువ్వు అక్కడనే ఉన్నవు గదా, నేను ఏ దేవుని పేరెత్తిన?" అని అడిగాను.

"ఎవ్వల పేరూ ఎత్తలేదమ్మా. మేం రక్తమియ్యనీకి లైన్ల నిలబడ్డం. నువ్వు మా దిక్కే చూసుకుంట మొక్కినవ్. మాకే సిగ్గయింది," అన్నాడు తల వంచుకుని.

ఆయన నిద్రపోతున్నారు. నేను జడ విప్పుకుని కూర్చున్నాను. రేపు పొద్దున పాలకుర్తి బస్సుకు సిద్ధంగా ఉండమంది అత్తమ్మ. మార్కెట్‌కి బస్సెందుకు, నడిచే పోవచ్చు కదా...