మాగని ఎరువు

గిద్దలూరు,
శుక్రవారం.

ప్రియమైన నాయనకు, స్టెల్లా వందనాలు.

నీకు ఫోన్లో వినపడదు కాబట్టి ఆసుపత్రి వరండాలో కూర్చొని రాస్తున్నాను. మార్కాపురానికి కూరగాయల బండి తోలే క్రాంతి కుమార్ తెచ్చిస్తాడు. నేను నీకు అబద్ధం చెప్పినాను. రాచర్లలో బట్టలు కుడుతున్నానంటిని. కుట్టడం లేదు. ఆరు నెలల నుంచి పక్కింటి సుప్రియతో కలిసి పాల పుట్టగొడుగులు పెంచి అమ్ముతున్నాను. అమ్మ పుట్టగొడుగులు తిని పోయినప్పటి నుంచి ఆ మాటే ఇంట్లో ఎత్తనియ్యవు కదా, అందుకే దాచినాను.

హోటళ్ళలో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కులు తెచ్చి, పేడ కలిపి కుప్ప వేస్తాము. మూడు నెలలు మాగినాక జల్లించి, పుట్టగొడుగుల గడ్డి సంచుల మీద పొరగా పరుస్తాము. ఈసారి తొందరపడినాను. కుప్పలో చెయ్యి పెడితే ఇంకా వేడి కొడుతున్నది, ఘాటుకు ముక్కు మండుతున్నది. అయినా వాడినాను. మొన్న తెల్లటి వాటి మధ్య సన్నకాడలతో బూడిదరంగువి లేచినాయి. మధ్యాహ్నానికి వాటి తలలు కరిగి సిరా మాదిరి నల్లగా కారినాయి. "ఏరి పారేస్తే సరిపోతుందిలే వదినా" అన్నది సుప్రియ. ఏరినాను. అన్నీ ఏరినానో లేదో తెలియదు. ఆ గంపలోవే నిన్న మా అత్త రూతమ్మ వండుకొని తినింది. నాకు తినడానికి చెయ్యి పోలేదు. ఆమెను వద్దని కూడా అనలేదు.

తెల్లారేసరికి వాంతులు. "నిన్న ఏం తినిందమ్మా?" అని డాక్టరు అడిగినాడు. మంచం పక్కన నిలబడి "చారు, అన్నం" అన్నాను. పుట్టగొడుగుల మాట నోట రాలేదు నాయనా. చెప్తే ఊరు నన్నేమంటుంది? ఆమెకు ఏమన్నా అయితే? అమ్మ కళ్ళు పచ్చబడింది గుర్తొస్తున్నది.

నీ కూతురు
స్టెల్లా

---

మార్కాపురం,
శుక్రవారం.

అమ్మా స్టెల్లా,

చదవడం ఇక్కడ ఆపు. లోపలికి పోయి డాక్టరుకు పుట్టగొడుగులని చెప్పు. మిగతాది తర్వాత చదువు. క్రాంతి కుమార్ చేత నాలుగుసార్లు ఫోన్ చేయించినాను, నువ్వు ఎత్తలేదు. అందుకే బండి వెనక్కి తిప్పించినాను.

అమ్మే చేలగట్టున ఏరుకొచ్చుకున్నదని అందరికీ చెప్పినాను. ఏరింది నేను. "ఇవేందయ్యా, రంగు తేడాగా ఉన్నాయి" అన్నది ఆమె. "ఏం కాదులే, వండు" అని పనికి పోయినాను. నేను వచ్చేసరికి తినేసింది. డాక్టరు అడిగితే సంగటి, పప్పు అన్నాను. పెండ్లాన్ని చంపినాడంటారని భయం. మరుసటి రోజు సాయంత్రం నిజం చెప్పినాను. "ముందే చెప్పొద్దా" అన్నాడాయన, అంతే. ముందే చెప్పి ఉంటే బతికేదేమో. చెప్పలేదు కాబట్టి నాకు ఎప్పటికీ తెలియదు.

మీ నాయన
నిత్యానందం

---

రాచర్ల,
బుధవారం.

నాయనకు,

మొదటి రెండు ముక్కలు చదివి లేచి పోయినాను. డాక్టరు అరవలేదు. మందు తాపించి, రక్తం పరీక్షకు పంపినాడు. ఆ బూడిదరంగువి తెప్పించి, ఫోటోలు తీసి, వ్యవసాయం చదివిన స్నేహితునికి పంపినాడు. రెండు రోజులు ఏ సంగతీ చెప్పలేదు. పచ్చబడతాయేమోనని అత్త కళ్ళే చూస్తూ కూర్చున్నాను. ఆదివారం చెప్పినాడు, అది మాగని ఎరువులో లేచే కలుపు పుట్టగొడుగంట, ప్రాణం తీసేది కాదంట. వాంతులు దాని వల్లో కాదో తేల్చలేనన్నాడు.

అత్తకు నయమై ఇంటికి వచ్చినాక ఆమెకు అంతా చెప్పినాను. తర్వాత "నువ్వు చారు అన్నప్పుడు నేను వింటానే ఉన్నా. కోడలు ఏదో దాస్తున్నది, నేను పోతానేమో అనుకున్నా" అన్నది. ఆమె కాళ్ళు పట్టుకున్నాను. "లెయ్. ముందు ఆ సంచులు తీసెయ్" అన్నది. గుంట తీసి పూడ్చినాము. కొన్నవాళ్ళ ఇండ్లకు పోయి చెప్పినాము. ఇద్దరు ఇంక తేవద్దన్నారు. కొత్త కుప్ప వేసినాము, ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు మాగనీ.

నీ మీద కోపం లేదని రాయలేను. కానీ నువ్వు రాయకపోయి ఉంటే నేనూ మరుసటి సాయంత్రం దాకా ఆగేదాన్నే.

తన కూతురే తెలివితక్కువగా ఏరుకొని తిన్నదని వెలిగండ్లలో అమ్మమ్మ ఏసమ్మ ఇప్పటికీ అంటున్నది. ఆదివారం ప్రార్థన అయినాక వస్తాను, ఇద్దరం అక్కడికి పోదాము. ఆమెకు నువ్వే చెప్పాలి. నేను పక్కన కూర్చుంటాను.

నీ
స్టెల్లా