సైకిల్‌కి గడి లేదు

మార్చి 2, సాయంత్రం

ఫ్యాక్టరీ గేటు పక్కన నోటీసు అంటించారు. మా రోడ్డు ఆరు లేన్ల హైవే అవుతుందట. పక్కనున్న సైకిల్ ట్రాక్ తీసేస్తారట. ఆ ట్రాక్ ఏమంత గొప్పది కాదు. రెండు గజాల వెడల్పు, అక్కడక్కడా గుంటలు. కానీ కాలనీ నుంచి ఇక్కడిదాకా ఆరు కిలోమీటర్లూ లారీ హారన్ వీపు మీద పడకుండా వస్తున్నామంటే దాని చలవే. హైవే మీదికి సైకిళ్లను రానివ్వరు. ఆరున్నర షిఫ్టుకి బస్సు లేదు. ఇక మేం రెక్కలు కట్టుకుని రావాలి.

అభ్యంతరాలు ఉన్నవాళ్లు ఇరవయ్యో తేదీన బహిరంగ విచారణకి రావచ్చని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. వెళ్తాను. ఒళ్లు మండిపోతోంది.

మార్చి 3

అక్కకి చెప్పాను. అక్క నలభై రెండేళ్ల వయసులో సైకిల్ నేర్చుకుంది. బావ పోయాక నా దగ్గరికి వచ్చి ఆరు నెలలు కిటికీ దగ్గరే కూర్చుంది. ఒక రోజు లేచి, నాకూ ప్యాకింగ్‌లో పని చూడవే, అంది. నేర్చుకునేటప్పుడు మోకాళ్లు చెక్కుకుపోయినా ఒక్కసారీ అమ్మా అనలేదు. ఇప్పుడు నాకంటే ముందు వెళ్లి గేటు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడుతుంది, నేనేదో ముసలిదాన్నైనట్టు.

నోటీసు సంగతి విని, అయితే మళ్లీ కిటికీ దగ్గరికేనన్నమాట, అంది. అంతే. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. అలా జరగనివ్వను.

మార్చి 6, లంచ్‌లో

బ్రేకుల బాబాయి సర్వే రిపోర్టు జిరాక్స్ సంపాదించాడు! గేటు దగ్గర సైకిళ్లు రిపేరు చేసే ఈయన అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. పద్నాలుగో పేజీ చూపించాడు. మా దారిలోని జంక్షన్‌లో ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా రోజుకి సగటున మోటారు సైకిళ్లు 4,120. సైకిళ్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో లేవు. అందుకే ట్రాక్ దండగ, మోటార్లకి రోడ్డు చాలట్లేదు కాబట్టి హైవే.

మరి నేను రోజూ పంక్చర్లు వేసేది దయ్యాలకా, అని బాబాయి ఎగిరాడు. అందరం పడీపడీ నవ్వాం. నవ్వుతూనే సర్వే తేదీలు చూశాను. కిందటి జులై 11, 12, 13.

మార్చి 6, సాయంత్రం

ఆ లెక్క రాసింది నేనే.

మార్చి 7

రాసుకుంటే తప్ప మనసు కుదుటపడేలా లేదు.

పాత ఫ్యాక్టరీ మూతపడి, ఇందులో ఇంకా చేరని రోజులు. మూడు రోజుల కాంట్రాక్టు పని దొరికింది. జంక్షన్‌లో ఐదుగురం స్టూళ్లేసుకుని కూర్చుని, వెళ్లే ప్రతి బండికీ షీట్‌లో ఒక గీత గీయాలి. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటికి అడ్డంగా. షీట్‌లో కారు, బస్సు, లారీ, ఆటో, మోటారు సైకిల్. సైకిల్‌కి గడి లేదు. సూపర్వైజర్‌ని అడిగాను. ఏదో ఒకదాంట్లో వేసెయ్యమ్మా, మొత్తం తేలితే చాలు, అన్నాడు.

మిగతావాళ్లు సైకిళ్లను వదిలేద్దామన్నారు. నాకు చెయ్యాడలేదు. మనిషి కళ్ల ముందే తొక్కుకుంటూ వెళ్తుంటే లేనట్టు ఎలా కూర్చోను? అందరి చేతా మోటారు సైకిల్ గడిలో వేయించాను. పెద్ద న్యాయం చేసినట్టు మూడు రోజులూ మహా గర్వపడ్డాను కూడా. ఆ సైకిళ్లే ఇప్పుడు మోటార్లై, మోటార్లు హైవే అయ్యాయి. నా అంత తెలివైనది ఇంకొకతె ఉండదు.

అక్కకి చెప్పలేదు.

మార్చి 9

చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆ కాగితాల మీద నీ సంతకం ఉందా అని అడిగింది. అందరి షీట్లూ కూడింది నేనే, ప్రతి పేజీ మీదా ఉందన్నాను. అయితే ఇంకేం, వేరేవాళ్లు చెబితే పుకారు, నువ్వు చెబితే సాక్ష్యం, అంది. ఈవిడనా ఆరు నెలలు కిటికీ దగ్గర కూర్చోబెట్టాను!

అందరి ముందూ నిలబడి నేనే అని చెప్పాలి. తలచుకుంటేనే భయం. కానీ నిద్రలో కూడా గీతలే కనిపిస్తున్నాయి.

మార్చి 14, ఉదయం 9:40

అక్షరాలు వంకర పోతున్నాయి, పోనీ!

అదే జంక్షన్, అవే గంటలు. షిఫ్టుకి సెలవు పెట్టి అక్కా, నేనూ, ప్యాకింగ్‌ వాళ్లు ముగ్గురూ మేమే లెక్కపెట్టాం. షీట్లు అక్క గీసింది, సైకిల్ గడి అన్నిటికంటే ముందు పెట్టింది. ఐదున్నరకే సైకిళ్ల వరద. గీత గీసి తల ఎత్తేలోపు ఇంకో పది దాటేస్తున్నాయి. అప్పుడు మోటార్లతో కలిపేశాం కాబట్టి ఇంతమందిమి ఉన్నామని నాకే తెలీదు. రోజూ ముందున్న వీపు తప్ప ఏం చూశాం గనక!

బాబాయి మూడు చొక్కాలు మార్చుకుని మూడుసార్లు దాటాడు. పట్టుకున్నాను. రెండు గీతలు కొట్టేసి, మనమూ దొంగలెక్క రాస్తే ఇక మాట్లాడే ముఖం ఉంటుందా అని అరిచాను.

సైకిళ్లు 2,306. మోటారు సైకిళ్లు 1,870. కూడితే 4,176! రిపోర్టులో 4,120! అక్క మూడుసార్లు కూడింది. మూడుసార్లూ అదే వచ్చింది. రోడ్డు మీదే ఇద్దరం కావలించుకున్నాం.

మార్చి 18

సూపర్వైజర్ ఫోన్ చేశాడు. ఎలా తెలిసిందో. నీకు పనిచ్చినందుకు నా మెడకే చుడతావా అని గింజుకున్నాడు. అన్నా, నీ పేరు ఎత్తను, నా పేరే చెబుతాను, అన్నాను. తర్వాత, ఒరిజినల్ షీట్లు హైవే ఇంజినీర్ ఆఫీసులోనే ఉన్నాయి, తెప్పించమని అడుగు, అని పెట్టేశాడు.

మార్చి 20, మధ్యాహ్నం

అయింది!

హాలు నిండిపోయింది. హైవే ఇంజినీర్ తెర మీద బొమ్మలు చూపించి 4,120 అన్నాడు, చాలా మర్యాదగా. నా వంతు వచ్చింది. మైకు దగ్గరికి వెళ్లాను. అందులో సగం పైన మోటార్లు కావు సార్, గీతలు గీసింది నేనే, అన్నాను. నా గుండె చప్పుడు మైకులో వినిపిస్తుందేమో అనిపించింది.

షీట్లు తెప్పించారు. సంతకం పోల్చి చూశారు. ఇంజినీర్ మా లెక్క తీసుకుని కాలిక్యులేటర్ రెండుసార్లు నొక్కాడు. గడి లేకపోతే వదిలెయ్యాల్సింది కదమ్మా అన్నాడు. ఎదురుగా మనిషి వెళ్తుంటే ఎలా వదిలేస్తాం సార్ అన్నాను. హాలంతా చప్పట్లు. ఎవరో విజిల్ కూడా వేశారు.

విచారణ అధికారి చెప్పింది ఇది. టెండర్ ఆపుతారు. ఇరవయ్యేడున పొద్దుటి నుంచి రాత్రి దాకా కొత్త లెక్క. సైకిల్‌కి వేరే గడి. రెండు చక్రాల బళ్లలో సగం సైకిళ్లే అని తేలితే ట్రాక్ ఉంచి, వెడల్పు చేసి కొత్త ప్లాన్ గీస్తారు. లెక్కలో ఒక్క మోసం దొరికినా పాత ప్లానే.

మార్చి 20, సాయంత్రం

విజిల్ వేసింది అక్కట.

మార్చి 26

గేటు దగ్గర అంతా ఇదే గోల. పదేసిసార్లు తిరిగితే సరి అంటున్నారు. స్టూలెక్కి చెప్పాను. పనికి వెళ్లడానికి ఒకసారి, ఇంటికి రావడానికి ఒకసారి. అదనంగా ఎవరు తిరిగినా నేనే వెళ్లి పట్టిస్తానన్నాను. బాబాయి అలిగాడు. అలగనీ.

మార్చి 27, లంచ్

జంక్షన్‌లో స్టూల్ మీద ఎవరో అమ్మాయి. మమ్మల్ని చూసి తల వంచి గీతలు గీసింది. హడావుడిలో అన్నం డబ్బాలు రెండూ ఇంట్లోనే మర్చిపోయాం. తెచ్చుకుందామంటే అదనంగా గీతలు పడతాయి. ఆకలి దంచేస్తోంది. కదల్లేదు.

అక్క ఒకటి. నేను ఒకటి.