నీళ్లు తీసిన ఎర్రరేవు

నడికుడి,
మే 19, ఆదివారం.

ప్రియమైన సువార్తక్కకు,

నీ తమ్ముడు జీవన్, ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మ, నేను, నీ మరదలు, పిల్లలు అందరం కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బావా కూడా అలాగే ఉండాలని కోరుకుంటున్నాను. రాయవేలూరులో ఎండలు మండిపోతున్నాయని రాశావు. ఇక్కడా అంతే. పది దాటితే షెడ్డు రేకుల కింద నిలబడలేకపోతున్నాను. రెంచి పట్టుకుంటే చెయ్యి కాలుతోంది.

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. ఆలస్యమైనందుకు కోపగించుకోవద్దు. అమ్మకు చెవులు మందగించి ఫోన్లో నీ గొంతు వినపడటం మానేశాక నువ్వు మళ్లీ ఉత్తరాలు మొదలుపెట్టావు చూడు, చానా మంచి పని చేశావు. నీ ఉత్తరం వచ్చిన రోజు నాచేత రెండుసార్లు చదివించుకుంది. ఈ ఉత్తరం మాత్రం నువ్వు డ్యూటీకి పోయే ముందు చదవొద్దు. బావ ఇంట్లో ఉన్నప్పుడు, ఇద్దరూ కూర్చుని చదవండి.

అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. నువ్వు పంపిన మోకాలి పట్టీ అమ్మ ఇంట్లో వేసుకుంటోంది, చర్చికి పోయేటప్పుడు మాత్రం సిగ్గుపడి తీసేస్తోంది. పెద్దాడు పాలిటెక్నిక్ పరీక్ష రాశాడు, వస్తుందనే అంటున్నాడు. నా నడుం నొప్పి తగ్గలేదు. బండి నడిపేటప్పుడు నేను సీటుకు వీపు ఆనించను. స్టీరింగు మీదికి వంగి కూర్చుంటాను. డాక్టరు గారు ఎక్సరే తీసి ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. వీపుకు ఏదైనా తగిలితే నాకు పాప గుర్తొస్తుందని ఆయనకు ఎలా చెప్పను?

"నలభై దాటినవాడివి, నీకు ఈ జీపుల పిచ్చి ఏందిరా, డబ్బున్నోళ్ల వెంట గుట్టలూ బురదలూ పట్టుకు తిరగడం ఏంది" అని రాశావు. నరసరావుపేట వాళ్ల జీపుల బృందం గురించే కదా. అందులో విత్తనాల షాపు శ్రీహరి పెద్ద. కాలేజీలో పాఠాలు చెప్పే షాహీన్ మేడం గారు కూడా సొంత జీపు నడుపుతారు. కారంపూడి అవతలి గుట్టల్లో, నాగులేటి ఇసుకలో, దారి లేనిచోట బండ్లు తోలుకుంటూ పోయి డేరాలేసుకుని వంట చేసుకుని తిని వస్తారు. ఎవరి బండైనా దిగబడితే బయటికి లాగడానికి నన్ను పిలుస్తారు. అక్కా, నాకు ఆ గుట్టలు అక్కర్లేదు, ఆ డేరాలూ అక్కర్లేదు. బురదలో చక్రం ఊరికే తిరుగుతుంటే ఆ చప్పుడు విని నేను షెడ్డులో కూర్చోలేను. అంతే.

ఎందుకో నీకు తెలుసు. మన షారోన్ పోయి పదమూడేళ్లు. నువ్వు నర్సు ఉద్యోగానికి వెళ్తూ నీ ఆరేళ్ల పిల్లను అమ్మకూ నాకూ అప్పగించి వెళ్లావు. జ్వరం ముదిరిన రోజు వాన. మన పాత ఊరు ఎర్రరేవు నుంచి మెయిన్ రోడ్డుకు మూడు కిలోమీటర్లూ రేగడి బాట. దారిలో బైకు మడ్‌గార్డు నిండా మట్టి పట్టేసి చక్రం తిరగలేదు. గంటసేపు పుల్లతో గీకి తీశాను. పాపను తువ్వాలుతో నా వీపుకు కట్టుకుని దాచేపల్లి ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది. దారిలో ఎక్కడ పోయిందో నాకు తెలియదు. వీపు మీద బరువు ఒక్కలాగే ఉంది. ఇదంతా నీకు అప్పుడే చెప్పాను, నువ్వు నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

ఇక నువ్వు ఆఖరున రాసిన సంగతి. రాయవేలూరు చర్చి వాళ్ల సమాధుల తోటలో మీకు చోటు ఇచ్చారని, జూన్‌లో వచ్చి మన పునరావాస కాలనీ సమాధుల్లో ఉన్న పాపను తవ్వించి మీతో తీసుకుపోతామని రాశావు. ఆ వాక్యం దగ్గర చదవడం ఆపేశాను. అమ్మ "చదవరా, ఆపావేంది" అంది. కళ్లద్దాలు బాగోలేవన్నాను.

మర్నాడు శ్రీహరి ఫోన్ చేశాడు.

"జీవన్, పులిచింతల డ్యాములో నీళ్లు బాగా తీశాయంట. మీ ఊరు బయటపడిందంట కదా. రెండో శనివారం నాలుగు బండ్లు పోతున్నాయి. దారి తెలిసినోడివి, నువ్వు ముందుండాల."

రెండేళ్లుగా అక్కడికి రమ్మని అడుగుతున్నా రానన్నవాణ్ణి, ఆ రోజు వస్తానన్నాను. పలుగూ పారా డేరా సంచి అడుగున పెట్టుకున్నాను.

రిజర్వాయరు కట్ట దిగేముందు అందరం టైర్లలో గాలి సగానికి దించాం. మెత్తటి నేల మీద చక్రం వెడల్పుగా పరుచుకుంటే దిగబడదు. పైన ఒండ్రు ఎండి నెర్రెలు విచ్చి పెచ్చులుగా ఉంది గానీ అడుగున ఇంకా పచ్చిగానే ఉంది. నేను లో గేరులో, నడక వేగంతో ముందు నడిచాను. నా చక్రాల జాడలోనే మిగతా మూడు బండ్లూ వచ్చాయి. ఎక్కడ చూసినా నత్తగుల్లలు, చచ్చిన ఆల్చిప్పలు. చక్రాల కింద అవి పటపట పగులుతుంటే కిటికీ అద్దం ఎత్తేశాను. చెట్లన్నీ మోడులై నల్లగా నిలబడి ఉన్నాయి. వాటి మీద ఒక్క కాకి లేదు.

ఊరు అలాగే ఉంది అక్కా. ఇళ్లు లేవు, ఊరు ఉంది. వీధి ఉంది, గోడలు మోకాలెత్తున ఉన్నాయి. మన గడప రాయి, పక్కన రోలు. చర్చి గచ్చు మీద అడుగున్నర ఒండ్రు. శ్రీహరి వాళ్లు గోడలు దాటుకుంటూ ఇళ్లల్లోంచి అడ్డంగా నడిచిపోతున్నారు. నేను మాత్రం చుట్టూ తిరిగి వాకిట్లోంచే లోపలికి వెళ్లాను. తలుపు లేదు, గోడ మోకాలెత్తే. అయినా దాటడానికి కాలు రాలేదు.

చర్చి ముందు డేరాలు వేశారు. పొద్దు వాలేవేళ టీ పెట్టి, శ్రీహరి నవ్వుతూ అడిగాడు. "ఏంది జీవన్, మీ ఊళ్లో దయ్యాలేమన్నా ఉన్నాయా?"

షాహీన్ మేడం నా ముఖం చూసి, "ఊరుకోండి శ్రీహరి గారూ" అన్నారు.

నేను గ్లాసు పట్టుకుని మన గడప మీద కూర్చున్నాను. గాలి లేదు. కానీ ఒకప్పుడు మన నీళ్లకుండ ఉన్న చోట గ్లాసు ముంచిన చప్పుడు నాకు వినపడింది. పాప అలాగే ముంచేది, చేతిగాజులు కుండకు తగిలేలా. వినపడిందని ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

నేనెందుకు అక్కడికి వెళ్లానో ఇప్పుడు చెప్పాలి. చదవడం ఆపొద్దు.

కాలనీలో ఉన్న సమాధిలో షారోన్ లేదు.

నీళ్లు వస్తాయని ఊరు ఖాళీ చేయించిన వారంలో నువ్వు ఫోన్ చేసి, "నా బిడ్డను నీళ్లలో వదలమాకరా" అని ఏడ్చావు. నేను గోతులు తవ్వే చిన్నప్ప తాతను తీసుకుని వెళ్లాను. మోకాలి లోతు తవ్వాం. పెట్టె మూతకు పలుగు తగిలింది. ఆ చప్పుడుకు పలుగు కింద పడేశాను. ఆ పిల్లను ఇంకోసారి ఎత్తుకోవడం నావల్ల కాలేదు. చిన్నప్ప తాత నా పక్కన కూర్చుని, "వద్దులే జీవనా, పసిబిడ్డ నిద్ర చెడగొట్టమాక" అన్నాడు. నాకు ఆ మాట చాలింది. గోతి పూడ్చేశాం. పైన తీసిన మట్టిని కొత్త పెట్టెలో పోసి మేకులు కొట్టాను.

నువ్వు రాయవేలూరు నుంచి వచ్చి, ఆ పెట్టెను ఆటోలో ఒళ్లో పెట్టుకుని కాలనీ దాకా తెచ్చావు. "ఎంత బరువుందిరా నా తల్లి" అన్నావు. అది మట్టి బరువక్కా. నీ ఎదురుగా కూర్చుని నేను తల ఊపాను. పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఏటా నువ్వు వచ్చి అక్కడ పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి కూర్చుంటుంటే నేను దూరంగా బండి తుడుస్తూ నిలబడేవాణ్ణి. చిన్నప్ప తాత పోయినేడు పోయాడు. ఆ తర్వాత తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆదివారం తెల్లవారీ తెల్లవారకముందే లేచి సమాధుల తోటకు వెళ్లాను. ఒండ్రు కింద ఏదీ కనపడలేదు. చర్చి మూల నుంచి అడుగులు కొలుచుకుంటూ వెళ్లి పలుగుతో పొడిచి చూస్తే తాతయ్య సిమెంటు సమాధి తగిలింది. పాప దాని పక్కనే కదా. తవ్వడం మొదలుపెట్టాను. తవ్విన కొద్దీ బురద జారి మళ్లీ నిండుతోంది. ఎంతసేపు తవ్వానో తెలియదు.

"ఏం చేస్తున్నారు జీవన్ గారూ?"

షాహీన్ మేడం. చేతిలో కెమెరా ఉంది. నన్ను చూసి దాన్ని మెడలోంచి తీసి పక్కన పెట్టేశారు. నేను చెప్పాను. ఈ లోకంలో మొదట ఆమెకే చెప్పాను అక్కా, నన్ను క్షమించు. ఆమె వెళ్లి తన బండిలోని పార తెచ్చి గోతిలోకి దిగారు. కాసేపటికి శ్రీహరి వచ్చాడు. సంగతి విన్నాడు. "నిన్న దయ్యాలని వాగాను. నా నోరు పడిపోను" అని చెప్పులు విడిచి తనూ దిగాడు. మిగతావాళ్లు బండి దిగబడితే చక్రాల కింద వేసే రేకులు అడ్డం పెట్టి బురద జారకుండా పట్టుకున్నారు.

పెట్టె లేదు, కుళ్లిపోయింది. నువ్వు నర్సువి, మిగతాది నీకు విడమర్చి చెప్పక్కర్లేదు. దొరికినంతా నా చేతులతోనే తీశాను. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. గాజులు నాలుగూ పగలకుండా ఉన్నాయి. షాహీన్ మేడం తన కొత్త దుప్పటి ఇచ్చారు. అందులో చుట్టి సామాన్ల పెట్టె ఖాళీ చేసి పెట్టాను. శ్రీహరి ప్రార్థన చేయమన్నాడు. నావల్ల కాలేదు, పెట్టె మూత వేశాను.

తిరిగి వచ్చేటప్పుడు ఊరు దాటగానే పాత వాగు దగ్గర ఒండ్రు పెచ్చు పగిలి నా జీపు దిగబడింది. పాపను పక్క సీటులో పెట్టుకున్నాను, ఎడమ చెయ్యి దాని మీదే ఉంది. దారి మీద చూపు లేదు. ఇరుసు దాకా కూరుకుపోయింది. చక్రం తిరుగుతోంది, బండి కదలడం లేదు. శ్రీహరి లాగే బెల్టు తగిలిస్తూ, "ఇదేం లెక్క జీవన్, పది నిమిషాల్లో తీసేద్దాం, కూర్చో" అని అరిచాడు. నిజమే, నాలాంటివాడికి అదొక లెక్క కాదు.

నేను ఇంజను ఆపి, తాళం దానికే వదిలేసి, పెట్టె ఎత్తుకుని దిగాను. నడవడం మొదలుపెట్టాను.

"ఓయ్, ఎక్కడికి? కట్ట మూడు కిలోమీటర్లుంది. ఎండలో ఏంది ఇది!" అని శ్రీహరి వెనకనుంచి కేకలేశాడు. షాహీన్ మేడం తన బండిలో ఎక్కమని బతిమాలారు. ఎక్కలేదు. పాత రేగడి బాట మీదే ఆగకుండా నడిచి, అది మెయిన్ రోడ్డులో కలిసే చోట కట్ట ఎక్కాను. గడియారం చూసుకున్నాను. నలభై రెండు నిమిషాలు పట్టింది.

ఇంటికి రాగానే అమ్మ ముందు పెట్టె పెట్టి, కాలనీ సమాధి సంగతి ఆమె చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. అరిచి చెప్పాల్సి వచ్చింది. అమ్మ తిట్టలేదు, ఏడవలేదు. పెట్టెను తన గదిలోకి తీసుకుపోయింది. అప్పటినుంచి దాని పక్కన కిందే పడుకుంటోంది. నాకు అన్నం పెడుతోంది, మాట్లాడటం లేదు.

అమ్మకు కూడా చెప్పనిది ఇంకొకటి ఉంది. నువ్వు ఎప్పుడూ అడగలేదు, ఆ గంటసేపు వానలో పిల్ల ఏం చేసిందని. తుమ్మచెట్టు కింద గోనెపట్టా కప్పి కూర్చోబెట్టాను. నేను చక్రం గీకుతూ ఉన్నాను. పాప నన్ను మూడుసార్లు పిలిచింది. మూడుసార్లూ ఒకటే మాట. "మావయ్యా, బండి వదిలేయ్. నడిచి పోదాం." ప్రతిసారీ నేను, "అయిపోయిందమ్మా, ఇంకొక్క నిమిషం" అన్నాను. మూడోసారి తర్వాత పిలవలేదు.

ఎత్తుకుని నడిచి ఉంటే నలభై రెండు నిమిషాలు. వానలో గంటే అనుకో. రోడ్డెక్కితే ఏదో ఒక బండి దొరికేది. ఇది నాకు అప్పుడు తట్టలేదని అబద్ధం ఆడను. తట్టింది. ఆ బైకు కొని పదకొండు రోజులే అయింది అక్కా. కొత్త బండిని వానలో వదిలి పోవడానికి నాకు మనసు రాలేదు.

పాప అమ్మ గదిలోనే ఉంటుంది, నువ్వు వచ్చేదాకా. రైలు ఏ రోజో రాయి. స్టేషనులో నా ముఖం చూడటం నీకు ఇష్టం లేకపోతే ఆ మాట కూడా రాయి. పెద్దాణ్ణి పంపుతాను.

ఇట్లు,
నీ తమ్ముడు
జీవన్