పడమటి గదిలో కుంపటి

జోగారావూ,

కైకలూరు నుంచి రాగానే పడమటి గది తలుపు, కిటికీ తెరిచి ఉంచు. ఎంత చలేసినా కుంపటి లోపల పెట్టకు. గేదె మీద గోనెపట్టా కప్పి, పాకకు ఉత్తరం వైపు తడిక కట్టు.

అమ్మను నబీ బండిలో ఏలూరు ఆసుపత్రికి తీసుకువెళ్తున్నాను. ప్రాణం ఉంది. నిన్న గేదె ఈనింది. దూడ వణుకుతోందని అమ్మ రాత్రి దాన్ని తన గదిలోకి తెచ్చుకుంది. కుంపట్లో ఊక రాజేసి, తలుపు సందుల్లో గోనె గుడ్డలు కుక్కి పడుకుంది. పొద్దున పిలిస్తే పలకలేదు. తలుపు గడియ విరగ్గొట్టాం. పొగకు దూడ చచ్చిపోయి ఉంది. నేను కొనిచ్చిన రగ్గు దాని మీద ఉంది. అమ్మ మీద చీర కొంగు తప్ప ఏమీ లేదు.

వాకిట్లో గాలి తగిలాక అమ్మ కళ్లు తెరిచి, "దూడ లేచిందంట్రా?" అంది.

"లేచిందమ్మా, పాలు తాగుతోంది" అన్నాను.

"అమ్మగారిని మాట్లాడించకండి, బండెక్కించండి" అని నబీ మొహం తిప్పుకున్నాడు.

దూడ లేక గేదె పాలు చేపడం లేదు. దూడ చర్మంలో గడ్డి కూరి దాని ముందు నిలబెడదామని పాలేరు అంటున్నాడు. వద్దను. అమ్మ తిరిగొచ్చి దాన్ని చూడకూడదు. పాలు పోతే పోనీ. నిజం ఇంటికొచ్చాక నేనే చెబుతాను.

ఆసుపత్రికి వచ్చినప్పుడు అమ్మ నిన్ను కూడా అడుగుతుంది. నువ్వు దూడను చూడలేదు కనుక రాస్తున్నాను. పెయ్యదూడ. నుదుట తెల్లమచ్చ ఉంది.

అన్నయ్య